నేవీ హెలికాప్టర్ నుంచి స్పేస్ స్టేషన్ కమాండర్ దాకా: సునీతా విలియమ్స్ అసలు కథ

2025 మార్చి 19. రంజాన్ నెల నడుస్తోంది. తెల్లవారుజామున 3 గంటల 27 నిమిషాలు. సహరీకి లేచిన ఇళ్లల్లో చాలామంది ఒక చేత్తో పళ్లెం, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఒకే దృశ్యం చూశారు. అమెరికాలో ఫ్లోరిడా తీరానికి దగ్గరలో, సముద్రంలోకి నాలుగు పారాచూట్లతో ఒక క్యాప్సూల్ మెల్లగా దిగింది. దాని చుట్టూ డాల్ఫిన్లు తిరిగాయి. కాసేపటికి అందులోంచి చేయి ఊపుతూ 59 ఏళ్ల మహిళ బయటికొచ్చారు. ఎనిమిది రోజుల పనికని వెళ్లి 286 రోజులు ఉండిపోయిన సునీతా విలియమ్స్.

ఆ తొమ్మిది నెలలూ టీవీ ఛానెళ్లు ఆమెను "ఇరుక్కుపోయిన వ్యోమగామి" అనే పిలిచాయి. సానుభూతి మంచిదే. కానీ ఆ మాటలో ఆమె మొత్తం ఉద్యోగ జీవితం కనిపించకుండా పోయింది. ఆమె 1987లో నావికాదళంలో చేరారు. ఓడల మీద హెలికాప్టర్ నడిపారు, టెస్ట్ పైలట్ అయ్యారు, ఆ తర్వాతే నాసాకు వచ్చారు. స్పేస్‌లో అనుకోకుండా తొమ్మిది నెలలు ఉండాల్సి వచ్చినప్పుడు ఆమె బెదిరిపోకపోవడానికి కారణం ఆ వెనకటి ఇరవై, ముప్పై ఏళ్లలోనే ఉంది. ఇంటర్ చదివే ఆడపిల్లలున్న ఇళ్లల్లో ఆ భాగం తెలియాలి. మన వాట్సాప్ గ్రూపుల్లో ఆమె పేరు మీద తిరిగే ఒక కథ సంగతీ చెప్పుకోవాలి. అది తర్వాత.

నేవల్ ఏవియేటర్ అంటే ఎవరు?

నేవీ అనగానే మనకు ఓడలు, సబ్‌మెరైన్లు గుర్తొస్తాయి. విశాఖపట్నం వాళ్లకు ఇంకొకటి కూడా తెలుసు. ఐఎన్‌ఎస్ డేగా అనే నేవీ ఎయిర్ స్టేషన్ వాళ్ల ఊళ్లోనే ఉంది, బీచ్ మీదుగా వెళ్లే నేవీ హెలికాప్టర్లను చిన్నప్పటి నుంచీ చూస్తారు. ఓడల్లాగే నేవీకి విమానాలు, హెలికాప్టర్లు ఉంటాయి. వాటిని నడిపే పైలట్లను అమెరికాలో నేవల్ ఏవియేటర్లు అంటారు. మెరైన్ దళం పైలట్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు.

ఎయిర్‌ఫోర్స్ పైలట్‌కీ వీళ్లకీ తేడా దిగే చోటులో ఉంది. ఎయిర్‌ఫోర్స్ రన్‌వే కదలదు. నేవీ పైలట్ దిగాల్సిన ఓడ ముందుకు వెళ్తుంటుంది, అలలకు పైకీ కిందికీ ఊగుతుంది, రాత్రిపూట చుట్టూ చీకటి తప్ప ఇంకేమీ కనిపించదు. ఇంధనం అయిపోతోందంటే పక్క ఊరి ఎయిర్‌పోర్టుకు వెళ్దామన్నా చుట్టూ నీళ్లే. దీనికితోడు నెలల తరబడి ఇంటికి దూరంగా, ఇరుకు గదుల్లో, అవే ముఖాల మధ్య బతకాలి. స్పేస్ స్టేషన్ జీవితం కూడా దాదాపు ఇంతే కదా!

అందుకేనేమో అమెరికా అంతరిక్ష చరిత్రలో ఎక్కడ చూసినా నేవీ వాళ్లే కనిపిస్తారు. 1961లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి అమెరికన్ అలన్ షెపర్డ్ నేవీ పైలట్. చంద్రుడి మీద మొదట అడుగు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కొరియా యుద్ధంలో నేవీ తరఫున 78 సార్లు యుద్ధవిమానం నడిపినవాడు. చంద్రుడి నుంచి ఆఖరుగా తిరిగొచ్చిన యూజీన్ సెర్నన్ కూడా నేవీయే. 1981లో మొట్టమొదటి స్పేస్ షటిల్‌ను నడిపిన ఇద్దరూ, జాన్ యంగ్, బాబ్ క్రిపెన్, నేవీ నుంచి వచ్చినవాళ్లే. ఆ వరుసలోని వ్యక్తే సునీత. అయితే ఆమె వచ్చిన దారి వాళ్లది కాదు. వాళ్లంతా జెట్ విమానాల వాళ్లు. ఈమె హెలికాప్టర్ నడిపిన మనిషి.

ఝూలాసణ్ ఊరి మనవరాలు

సునీత 1965 సెప్టెంబర్ 19న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్‌లో పుట్టారు. పెరిగింది బోస్టన్ దగ్గర నీడమ్ అనే ఊళ్లో. తండ్రి దీపక్ పాండ్యా గుజరాత్‌లోని మెహసాణా జిల్లా ఝూలాసణ్ గ్రామం నుంచి వెళ్లిన డాక్టర్, మెదడు నిర్మాణం మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త. తల్లి బోనీ కుటుంబం మూలాలు యూరప్‌లోని స్లొవేనియాలో ఉన్నాయి.

ఝూలాసణ్ గురించి మన పాఠకులకు తప్పకుండా చెప్పాల్సిన విషయం ఒకటుంది. ఆ ఊళ్లో డోలా మాతా గుడి ఉంది. అందులో పూజలందుకునే డోలా ఒక ముస్లిం స్త్రీ. కొన్ని వందల ఏళ్ల కిందట ఊరిని దోచుకోవడానికి వచ్చిన దుండగులను ఎదిరించి, గ్రామాన్ని కాపాడుతూ ఆమె ప్రాణం ఇచ్చిందని గ్రామస్థులు చెప్పుకుంటారు. చనిపోయాక ఆమె దేహం పువ్వుగా మారిందని వాళ్ల నమ్మకం. సునీత స్పేస్‌లో ఉన్న ప్రతిసారీ ఆ ఊరివాళ్లు ఆమె క్షేమంగా రావాలని మొక్కుకున్నది ఈ గుడిలోనే. 2007లో ఆమె ఆ ఊరికి వచ్చినప్పుడు ఈ గుడికీ వెళ్లారు. నమ్మకాల సంగతి ఎవరివి వాళ్లవి. ఒక హిందూ గ్రామం తమ ఊరి ముస్లిం మహిళ ధైర్యాన్ని ఇన్ని తరాలుగా మర్చిపోలేదన్నది మాత్రం మామూలు విషయం కాదు.

చిన్నప్పుడు సునీతకు పైలట్ కావాలని గానీ, వ్యోమగామి కావాలని గానీ లేదు. పశువుల డాక్టర్ అవుదామనుకున్నారు. స్కూల్లో ఈత బాగా ఈదేవారు. అనుకున్న కాలేజీలో సీటు రాలేదు. అప్పటికే నేవల్ అకాడమీలో చదువుతున్న అన్నయ్య, నువ్వూ అక్కడికే రా అన్నారు. అలా మేరీలాండ్‌లోని అన్నాపొలిస్ అకాడమీలో చేరారు. ఆ అకాడమీ తలుపులు ఆడవాళ్లకు తెరిచిందే 1976లో. అంటే ఈమె చేరేనాటికి పదేళ్లు కూడా నిండలేదు. 1987లో ఫిజికల్ సైన్స్ డిగ్రీతో బయటికొచ్చి నేవీలో ఎన్‌సైన్ ర్యాంకు అధికారి అయ్యారు. మొదటి ఆరు నెలల్లో డైవింగ్ ఆఫీసర్ అర్హత సంపాదించారు. తర్వాత విమాన శిక్షణకు వెళ్లి 1989 జూలైలో నేవల్ ఏవియేటర్ అయ్యారు.

జెట్ దొరకలేదు, హెలికాప్టర్ దొరికింది

ఆ రోజుల్లో ఆమె కోరిక జెట్ నడపాలని. కానీ అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆడవాళ్లు యుద్ధవిమానాలు నడపకూడదు. ఆ నిషేధాన్ని 1991 చివర్లో చట్టసభ తీసేసింది, నిజంగా యుద్ధవిమానాల కాక్‌పిట్లు తెరుచుకున్నది 1993లో. ఈమె శిక్షణ పూర్తయ్యేనాటికి ఆడవాళ్లకు ఉన్న జెట్ సీట్లు చాలా తక్కువ. దాంతో హెలికాప్టర్ల వైపు వెళ్లారు. మొదటి కోరిక కాలేజీ పోయింది, రెండో కోరిక జెట్ పోయింది. రెండుసార్లూ దొరికినదాన్నే తీసుకుని అందులో పని నేర్చుకున్నారు.

ఆమె నడిపింది హెచ్-46 సీ నైట్. మామూలు హెలికాప్టర్‌కు పైన ఒక పెద్ద రెక్క, తోక దగ్గర చిన్న రెక్క ఉంటాయి. దీనికి ముందొకటి, వెనకొకటి రెండు పెద్ద రెక్కలు. తోక రెక్క లేకపోవడంతో పక్కగాలి కొట్టినా నిలకడగా ఉంటుంది, ఓడల మీద పనికి బాగా కుదురుతుంది. పని ఏమిటంటే, సరుకుల ఓడ నుంచి యుద్ధనౌకకు సామాను చేరవేయడం. ఆహారం, మందులు, స్పేర్ పార్టులు, ఉత్తరాలు అన్నీ వలలో కట్టి హెలికాప్టర్ కింద కొక్కేనికి తగిలిస్తారు. కింద బరువు ఊగుతుండగా పైలట్ ఒక ఓడ నుంచి లేచి, కదులుతున్న ఇంకో ఓడ మీద సరిగ్గా గీసిన గడిలో దించాలి. మళ్లీ వెనక్కి. ఇలా గంటల తరబడి. పేరు రాని పని, ఫొటోలు రాని పని. ఓడలో వాళ్లకు మాత్రం అది రాకపోతే పూట గడవదు.

1990 ఆగస్టులో సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌లోకి దిగింది. కడప, రాయచోటి వైపు కుటుంబాలకు ఆ నెల గుర్తుండే ఉంటుంది. ఉద్యోగానికి వెళ్లిన మనవాళ్లు ఎడారి దాటి జోర్డాన్ చేరుకుని, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో ఇల్లు చేరిన రోజులవి. అదే సమయంలో సునీత స్క్వాడ్రన్ మధ్యధరా, ఎర్ర సముద్రం, పర్షియన్ గల్ఫ్ ప్రాంతాల్లో డ్యూటీ చేసింది. యుద్ధం ముగిశాక ఉత్తర ఇరాక్‌లో కుర్దులు సద్దాం సైన్యానికి భయపడి లక్షల్లో కొండల్లోకి పారిపోయారు. వాళ్లకు సాయం అందించేందుకు జరిగిన ఆపరేషన్ ప్రొవైడ్ కంఫర్ట్‌లో కూడా ఆమె పాల్గొన్నారు. ఆ యుద్ధం గురించి, అమెరికా ఆ ప్రాంతంలో చేసిన దాని గురించి మన ఇళ్లల్లో గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, ఉండాలి కూడా. ఆమె ఆ దేశపు నేవీ అధికారి అన్న సంగతిని దాచాల్సిన పనిలేదు. చలిలో ఉన్న కుర్దు కుటుంబాలకు సాయం చేరిందన్నదీ అంతే నిజం.

1992లో ఆండ్రూ తుపాను ఫ్లోరిడాను ధ్వంసం చేసినప్పుడు హెచ్-46 హెలికాప్టర్ల బృందానికి ఇన్‌చార్జిగా ఆమెనే మయామీ పంపారు. అప్పటికి ఆమె వయసు దాదాపు 27.

టెస్ట్ పైలట్ చేసే పని

1993 జనవరిలో మేరీలాండ్‌లోని ప్యాటక్సెంట్ రివర్‌లో ఉన్న నేవల్ టెస్ట్ పైలట్ స్కూల్‌లో చేరారు. టెస్ట్ పైలట్ అంటే సినిమాల్లో చూపించినట్టు దూకుడుగా విమానం నడిపేవాడు అనుకుంటాం. నిజానికి ఇది ఓపికతో చేసే లెక్కల పని. ఫలానా వేగంలో, ఫలానా గాలిలో, ఇంత బరువుతో యంత్రం ఎలా ప్రవర్తిస్తుంది? ఎక్కడ వణుకు మొదలైంది? పైలట్ చేతికి కంట్రోల్ ఎంత బరువుగా తగిలింది? ఇవన్నీ గమనించి, కింద ఉన్న ఇంజినీరుకు అర్థమయ్యేలా రాసి ఇవ్వాలి. పైలట్ ధైర్యం, ఇంజినీరు భాష రెండూ కావాలి. తర్వాత ఆమె అదే స్కూల్‌లో హెలికాప్టర్ విభాగంలో పాఠాలు కూడా చెప్పారు. మొత్తం మీద 30 రకాలకు పైగా విమానాలు, హెలికాప్టర్లు నడిపి 3 వేల గంటలకు పైగా గాల్లో ఉన్నారు.

హైదరాబాద్‌తో చిన్న బంధం ఉన్న మాట ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. తండ్రి వైపు హైదరాబాద్ మూలాలున్న వ్యోమగామి రాజా చారి అమెరికా ఎయిర్‌ఫోర్స్ అధికారి, కానీ టెస్ట్ పైలట్‌గా చదివింది ఈ నేవీ స్కూల్‌లోనే.

స్కూల్ తరఫున హ్యూస్టన్‌లోని నాసా కేంద్రానికి వెళ్లినప్పుడు సునీత జీవితం మలుపు తిరిగింది. అక్కడ జాన్ యంగ్ మాట్లాడుతూ, చంద్రుడి మీద దిగడం నేర్చుకోవడానికి తాను హెలికాప్టర్ నడపడం నేర్చుకోవాల్సి వచ్చిందన్నారు. చంద్రుడి వాహనం కూడా హెలికాప్టర్‌లాగే నిలువుగా దిగుతుంది మరి. ఆ మాట వినేదాకా వ్యోమగామి అంటే తనలాంటి వాళ్లకు కాదనుకున్నానని సునీత చాలాసార్లు చెప్పారు. వెంటనే అప్లై చేశారు. రాలేదు. ఊరుకోకుండా 1995లో ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ పూర్తి చేసి, మళ్లీ అప్లై చేశారు. 1998 జూన్‌లో నాసా ఎంపిక చేసిందన్న కబురు వచ్చేసరికి ఆమె యూఎస్‌ఎస్ సైపాన్ అనే యుద్ధనౌక మీద డ్యూటీలో ఉన్నారు.

ఇంకో ఎనిమిదేళ్ల ఎదురుచూపు

ఎంపికైన మర్నాడే రాకెట్ ఎక్కించరు. మాస్కోలో రష్యన్ అంతరిక్ష సంస్థతో పని, రోబోటిక్ చేయి మీద పని, 2002లో ఫ్లోరిడా దగ్గర సముద్రం అడుగున అక్వేరియస్ అనే ప్రయోగశాలలో తొమ్మిది రోజుల మకాం. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా షటిల్ తిరిగొస్తూ ముక్కలైపోయింది. కల్పనా చావ్లాతో పాటు ఏడుగురూ పోయారు. సునీతకు కల్పన స్నేహితురాలు. షటిల్ ప్రయాణాలు రెండేళ్లకు పైగా ఆగిపోయాయి.

చివరకు 2006 డిసెంబర్ 9న డిస్కవరీ షటిల్‌లో వెళ్లారు. ఇక్కడ ఒక చిన్న వివరం చాలామందికి తెలియదు. షటిల్ పైలట్ సీటుకు జెట్ విమానం కమాండ్ చేసిన వెయ్యి గంటలు కావాలి. హెలికాప్టర్ పైలట్లకు అవి ఉండవు. అందుకే వేల గంటలు నడిపిన ఈ పైలట్‌ను నాసా మిషన్ స్పెషలిస్ట్‌గానే తీసుకుంది. జెట్ సీటు దక్కకపోవడం ఇక్కడిదాకా వెంటాడింది.

ఆ మొదటి ప్రయాణంలో 195 రోజులు ఉన్నారు. నాలుగు స్పేస్‌వాక్‌లలో 29 గంటల 17 నిమిషాలు స్టేషన్ బయట పనిచేశారు, మహిళల్లో అప్పటికి అదే రికార్డు. 2007 ఏప్రిల్ 16న బోస్టన్‌లో మారథాన్ జరుగుతుంటే ఈమె స్టేషన్‌లోని ట్రెడ్‌మిల్ మీద, ఎగిరిపోకుండా బెల్టులతో కట్టుకుని, ఆ 42 కిలోమీటర్లూ 4 గంటల 24 నిమిషాల్లో పరిగెత్తారు. పొడవాటి జడను స్టేషన్‌లోనే కత్తిరించి, జబ్బు వల్ల జుట్టు పోయిన పిల్లల కోసం ఇచ్చేశారు. కిందికొచ్చిన ఆ ఏడాదే సెప్టెంబరులో హైదరాబాద్‌లో జరిగిన అంతర్జాతీయ ఆస్ట్రోనాటికల్ కాంగ్రెస్‌కు వచ్చారు.

రెండోసారి 2012 జూలై 15న బైకనూర్ నుంచి రష్యన్ సోయూజ్‌లో వెళ్లారు, 127 రోజులు. ఈసారి స్టేషన్ కమాండర్. ఆ బాధ్యత తీసుకున్న రెండో మహిళ.

ఈ యాత్రలో జరిగిన టూత్‌బ్రష్ సంగతి నాకు రికార్డులన్నింటి కంటే ఇష్టం. స్టేషన్‌కు సోలార్ ప్యానెళ్ల నుంచి కరెంటు పంచే పెట్టె ఒకటి పాడైంది. కొత్తది బిగించడానికి సునీత, జపాన్ వ్యోమగామి అకిహికో హోషిదే ఆగస్టు 30న బయటికెళ్లారు. ఎనిమిది గంటలు తంటాలుపడ్డా బోల్టు ఎక్కలేదు. మరలో లోహపు రజను చేరింది. విడి పార్టు తెప్పించుకునే టైం లేదు. కింద ఇంజినీర్లు, పైన వీళ్లు ఆలోచించి, ఉన్న వస్తువులతోనే పనిముట్లు తయారుచేశారు. వైరు విప్పి దాని తీగలతో ఒక బ్రష్, పళ్లు తోముకునే బ్రష్‌ను కడ్డీకి కట్టి ఇంకోటి. సెప్టెంబర్ 5న మళ్లీ వెళ్లి బోల్టు రంధ్రం శుభ్రం చేసి, గ్రీజు రాసి, పెట్టె బిగించేశారు. లక్ష కోట్ల రూపాయల విలువ కూడా చాలని స్టేషన్‌ను ఒక టూత్‌బ్రష్ గట్టెక్కించింది. మన మెకానిక్ షెడ్లలో రోజూ జరిగే పనే, కాకపోతే 400 కిలోమీటర్ల ఎత్తులో.

వాట్సాప్‌లో తిరిగే ఆ మెసేజ్

ఇప్పుడు అసలు ఇబ్బందికరమైన మాట. 2007 నుంచీ ఒక కథ తిరుగుతూనే ఉంది. సునీత అంతరిక్షం నుంచి చూస్తే భూమంతా చీకటిగా ఉందట, మక్కా, మదీనా రెండే నక్షత్రాల్లా వెలిగాయట, ఆమె కిందికి రాగానే ఇస్లాం స్వీకరించారట. ప్రతి రంజాన్‌లోనూ ఎవరో ఒకరు దీన్ని మళ్లీ పంపిస్తారు. మంచి మనసుతోనే పంపిస్తారు, సందేహం లేదు.

అది నిజం కాదు. ఆమె అలా ఎక్కడా చెప్పలేదు. మొదటి ప్రయాణంలో భగవద్గీత, చిన్న వినాయకుడి బొమ్మ వెంట తీసుకెళ్లానని ఆమే బహిరంగంగా చెప్పారు. స్టేషన్ రోజుకు 16 సార్లు భూమిని చుడుతుంది. రాత్రి వైపు వెళ్లినప్పుడు మక్కా వెలుగులు కనిపించే మాట వాస్తవమే, వ్యోమగాములు ఫొటోలు కూడా తీశారు. అలాగే ముంబై, హైదరాబాద్, దుబాయ్ వెలుగులూ కనిపిస్తాయి. అవి కరెంటు దీపాలు.

ఇంతకంటే పాతది ఆర్మ్‌స్ట్రాంగ్ కథ. చంద్రుడి మీద అజాన్ విన్నాడని, తర్వాత కైరోలో అదే శబ్దం విని ముస్లిం అయ్యాడని. చంద్రుడి మీద గాలి లేదు, శబ్దం ప్రయాణించదు, ఆయన చెవిలో పడిందల్లా రేడియో మాటలే. ఈ కథ ఎంత దూరం పోయిందంటే 1983 మార్చిలో అమెరికా విదేశాంగ శాఖ ముస్లిం దేశాల్లోని తన రాయబార కార్యాలయాలకు ఒక సందేశమే పంపాల్సి వచ్చింది. ఆర్మ్‌స్ట్రాంగ్ మతం మారలేదని, ఎవరినీ నొప్పించాలని ఆయనకు లేదని దాని సారాంశం.

విన్న వార్తను ముందు ఆరా తీయమని సూరా హుజురాత్ చెబుతుందని ఇమాం సాబులు ఎన్నిసార్లు చెప్పలేదూ! పైగా మనకు కల్పిత కథల అవసరం ఏముంది? 1985 జూన్‌లో, రంజాన్ ఆఖరి రోజుల్లో, సౌదీ పైలట్ సుల్తాన్ బిన్ సల్మాన్ డిస్కవరీ షటిల్‌లో వెళ్లారు. అంతరిక్షానికి వెళ్లిన తొలి ముస్లిం ఆయనే. 2007లో మలేసియా డాక్టర్ షేక్ ముజఫర్ షుకోర్ వెళ్లేముందు, రోజుకు 16 సూర్యోదయాలు కనిపించే చోట నమాజ్ వేళలు ఎలా, ఖిబ్లా ఎటు అని అక్కడి ఉలమాలు కూర్చుని మార్గదర్శకాలు రాశారు. 2023లో యూఏఈకి చెందిన సుల్తాన్ అల్ నెయాదీ ఆరు నెలలు స్టేషన్‌లో ఉండి, స్పేస్‌వాక్ చేసిన మొదటి అరబ్ అయ్యారు. రోజా గురించి అడిగితే, తాను ప్రయాణికుడి లెక్కలోకి వస్తానని చెప్పారు. అదే ఏడాది ఆగస్టులో స్టేషన్‌కు వెళ్లిన నాసా బృందానికి కమాండర్ జాస్మిన్ మొగ్‌బెలీ. ఇరాన్ మూలాలున్న కుటుంబం, మెరైన్ దళంలో హెలికాప్టర్ పైలట్, ఆమె చదివింది కూడా సునీత చదివిన టెస్ట్ పైలట్ స్కూలే.

58 ఏళ్లకు పైలట్ సీటు

2024 జూన్ 5న బోయింగ్ స్టార్‌లైనర్ మొదటిసారి మనుషులతో లేచింది. కమాండర్ బుచ్ విల్మోర్. ఈయనా నేవీ మనిషే, విమానవాహక నౌకల మీద 663 సార్లు జెట్ దించినవాడు. పైలట్ సునీత. షటిల్ రోజుల్లో ఆమెకు దక్కని ఆ హోదా 58 ఏళ్ల వయసులో దక్కింది. కొత్త రకం అంతరిక్ష నౌక మొదటి మానవ ప్రయాణంలో మహిళ ఉండటం కూడా అదే మొదటిసారి.

మర్నాడు స్టేషన్ దగ్గరికి వస్తుండగా, నౌకను అటూ ఇటూ జరిపే చిన్న థ్రస్టర్లలో ఐదు మొరాయించాయి. ఇంధనాన్ని థ్రస్టర్లలోకి నెట్టే హీలియం లీకవుతోంది. విల్మోర్ కొంతసేపు చేత్తో నడపాల్సి వచ్చింది. ఐదింట్లో నాలుగు తిరిగి పనిచేశాక స్టేషన్‌కు కలిపారు. ఎలాంటి పరిస్థితి కోసం టెస్ట్ పైలట్లను పెడతారో, సరిగ్గా అదే ఎదురైంది.

ఆ తర్వాత రెండున్నర నెలలు భూమి మీద పరీక్షలు, వాదనలు. థ్రస్టర్లు ఎందుకు ఆగాయో పూర్తిగా తేలలేదు. ఆగస్టు 24న నాసా తేల్చి చెప్పింది, వీళ్లిద్దరినీ స్టార్‌లైనర్‌లో దించే ప్రసక్తి లేదని. సెప్టెంబర్ 7న అది ఖాళీగా తిరిగొచ్చి న్యూ మెక్సికోలో క్షేమంగానే దిగింది. మరి అనవసరంగా భయపడ్డారా? కాదు. దిగేదాకా ఎవరికీ తెలియదు. కొలంబియాను చూసిన సంస్థ తెలియనిదాని మీద రెండు ప్రాణాలు పెట్టకపోవడమే సరైన పని అని నా అభిప్రాయం.

సెప్టెంబర్ 28న స్పేస్ ఎక్స్ క్రూ-9 నౌక నలుగురికి బదులు ఇద్దరితోనే బయల్దేరింది. మిగతా రెండు సీట్లు సునీతకు, విల్మోర్‌కు. అది సెప్టెంబరులోనే స్టేషన్‌కు చేరితే మార్చి దాకా ఎందుకు ఆగారని చాలామంది అడిగారు. ఆ నౌక ఆరు నెలల మామూలు డ్యూటీకి వెళ్లింది. వెంటనే తిరిగొస్తే స్టేషన్‌లో చేతులు తక్కువైపోతాయి. తర్వాతి బృందం వచ్చి చార్జి తీసుకోవాలి. అంటే వీళ్లకు ప్రమాదం వస్తే ఎక్కి దిగడానికి నౌక రెడీగానే ఉంది. ఇరుక్కుపోవడం అనే మాట అందుకే సరిపోదు. వాళ్ల డ్యూటీ పొడిగించారు, అంతే. నేవీలో ఓడ ఎప్పుడు ఇంటి రేవుకు వస్తుందో ముందే చెప్పిన తేదీకి రాకపోవడం మామూలు విషయం.

ఈ మధ్యలోనే ఆమె రెండోసారి స్టేషన్ కమాండర్ అయ్యారు. 2025 జనవరిలో రెండు స్పేస్‌వాక్‌లు చేశారు. మొత్తం తొమ్మిది కలిపి 62 గంటల 6 నిమిషాలు, మహిళల్లో ఇంతసేపు బయట గడిపిన వారు ఇంకెవరూ లేరు. మూడు ప్రయాణాలూ కలిపితే 608 రోజులు. నాసా వ్యోమగాముల్లో ఆమెకంటే ఎక్కువ రోజులున్నది పెగ్గీ విట్సన్ ఒక్కరే. బరువు తెలియని చోట అన్ని నెలలుంటే ఎముకలు, కండరాలు బలహీనపడతాయి. రోజూ రెండు గంటల వ్యాయామం చేసినా, కిందికి వచ్చాక వారాల తరబడి శరీరాన్ని మళ్లీ దారిలో పెట్టుకోవాల్సిందే. 2025 చివర్లో ఆమె నాసా నుంచి రిటైరయ్యారు.

మన పిల్లలకు దారి ఉందా?

ఉంది, ఇప్పుడు ఆడపిల్లలకు కూడా. సుప్రీంకోర్టు ఆదేశంతో ఎన్‌డీఏలోకి అమ్మాయిలను తీసుకోవడం మొదలైంది. 2022లో చేరిన మొదటి బ్యాచ్ నుంచి 17 మంది 2025 మే నెలలో శిక్షణ పూర్తి చేశారు. యూపీఎస్‌సీ ఏడాదికి రెండుసార్లు ఈ పరీక్ష పెడుతుంది. పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య వయసు, నేవీకైతే ఇంటర్‌లో ఎంపీసీ కావాలి. చదువు, శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే. బైపీసీ తీసుకున్న పిల్లలకు ఈ తలుపు మూసుకుపోతుంది. కాబట్టి పది పాసైన వెంటనే గ్రూపు ఎంచుకునేటప్పుడే ఇంట్లో ఈ మాట రావాలి.

నేవీ పైలట్లకు తొలి విమాన శిక్షణ ఇచ్చే చోట్లలో ఒకటి మన హైదరాబాద్ పక్కనున్న దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. హెలికాప్టర్ శిక్షణ తమిళనాడులో అరక్కోణంలోని ఐఎన్‌ఎస్ రాజాలిలో. మన నేవీకి తొలి మహిళా పైలట్ 2019 డిసెంబరులో వచ్చారు. 2020 సెప్టెంబరులో ఇద్దరు మహిళా అధికారులను యుద్ధనౌకల మీది హెలికాప్టర్లలో పనిచేయడానికి ఎంపిక చేశారు, వారిలో ఒకరిది హైదరాబాదే.

ఇక అంతరిక్షం సంగతి. గగన్‌యాన్ కోసం 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన నలుగురూ ఎయిర్‌ఫోర్స్ టెస్ట్ పైలట్లే. వారిలో శుభాంశు శుక్లా 2025లో స్పేస్ స్టేషన్‌కు వెళ్లొచ్చారు. ఆ నలుగురిలో నేవీ నుంచి ఒక్కరూ లేరు, ఆడవాళ్లు ఒక్కరూ లేరు. మొదటి జట్టుకు టెస్ట్ పైలట్లే కావాలన్నారు, అప్పటికి మన సైన్యంలో ఆ అర్హతకు దగ్గరగా వచ్చిన ఆడవాళ్లే దాదాపు లేరు. ఎన్‌డీఏ నుంచి 2025లో బయటికొచ్చిన అమ్మాయిలు ఆ అర్హతకు చేరాలంటే ఇంకా పది, పన్నెండేళ్లు పడుతుంది. సునీత అకాడమీ నుంచి బయటికి రావడానికి, నాసాకు ఎంపిక కావడానికి మధ్య పదకొండేళ్లు పట్టింది.